మార్కులు – మానికలు

ఉపాధ్యాయవృత్తిలో నాకు గల పేరు కఠినుడనుట. ఆ పేరు విని చిరకాలము సంతోషించితిని. ఆ సంతోషము తొలగిన విధము చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము.

మా ఉన్నతపాఠశాలలో పదవ తరగతి రెండు సెక్షన్లుగా నుండెను. ఒకదానికి నేనును, రెండవదానికి నా మిత్రు డొకడును గణితము చెప్పుచుంటిమి. అర్ధసంవత్సర పరీక్ష ముగిసిన కొలది దినములకు ఒక తల్లి రెండు జవాబుపత్రములు చేతబట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఒకటి యామె కుమారునిది. అతడు నా మిత్రుని సెక్షను. రెండవది కుమార్తెది, ఆమె నా సెక్షను. పిల్లవానికి నూటికి 58, బాలికకు 41 వచ్చినవి.

"పంతులుగారూ, నాకు చదువు రాదు. కాని ఈ లెక్కా ఆ లెక్కా ఒకటేలా ఉన్నాయి. అక్కడ మూడు మార్కులు, ఇక్కడ సున్నా ఎందుకండీ?" అని యామె యడిగెను.

చూచితిని. 7 సెంటీమీటర్ల వ్యాసార్ధమును, 10 సెంటీమీటర్ల ఎత్తును గల స్థూపముయొక్క ఘనపరిమాణము కనుగొను లెక్క. ఇద్దరును సూత్రము సరిగా వ్రాసిరి. విలువలు సరిగా నుంచిరి. కూడి వల్లించిన యెక్కములోనే తప్పుండెను గాబోలు, 22ను 7చే హెచ్చించి 154 అనుటకు మారుగా ఇద్దరును 144 అనిరి. 1540 రావలసినచోట 1440 వచ్చెను. నాలుగు మార్కులలో నా మిత్రుడు పొరపాటునకు ఒకటి తగ్గించి, పద్ధతికి మూడిచ్చెను. నేనో, జవాబు తప్పని ఎఱ్ఱసిరాతో అడ్డముగా గీత గీచితిని. అట్టి గీతలు ఆ పత్రములో నింకను గలవు.

ఆమె వచ్చినది మార్కుల కొఱకు గాదు. ఇద్దరికిని ఫీజులు కట్టు శక్తి లేనందున, పిల్లవానిని పట్టణమున ప్రయివేటు కాలేజీలో చేర్చుటకును, ఆడపిల్లను పదవ తరగతితో మాన్పించుటకును తండ్రి నిశ్చయించెనట. తార్కాణముగా ఈ రెండంకెలనే చూపెనట. నా సిరా యంత దూరము ప్రవహించునని నేనెన్నడు నెఱుగను. ఆ రాత్రి మిత్రుని పద్ధతి ననుసరించి బాలిక పత్రమును మరల దిద్దగా 54 వచ్చినవి.

ఇది మా యిద్దరి లోపము మాత్రమే కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అను విద్వాంసులు ఒకే యాంగ్లభాషా జవాబుపత్రమునకు ప్రతులు తీయించి హైస్కూలు ఉపాధ్యాయులకు పంపిరి. 142 మంది దిద్దిరి. ఒకరు 64 వేయగా మఱొకరు 98 వేసిరి. భాషావిషయమున అభిరుచిభేద ముండునని సరిపెట్టుకొందమన్న, మఱుసటి యేడు జ్యామితి పత్రమునకును ముప్పదికి లోబడినవి మొదలు తొంబదికి మించినవి వఱకు మార్కులు పడెను. ఇంగ్లాండులో హార్టాగ్, రోడ్స్ అనువారు చరిత్ర పత్రములను ఏడాది దాటిన పిమ్మట మునుపటి పరీక్షకులచేతనే మరల దిద్దించి, 210 తీర్పులలో 92 మాఱినట్లు 1935లో ప్రకటించిరి. మనిషి తనతో తానే యేకీభవింపడన్నమాట!

అట్లని ఔదార్యమును మందు కాదు. 2021లో కోవిడ్ కారణమున తెలంగాణలో పదవ తరగతి పరీక్షలు రద్దుచేసి, పాఠశాలలలో వేసిన మార్కులను బట్టియే ఫలితము లిచ్చినప్పుడు, సుమారు 5,21,000 మందిలో 2,10,000 మందికి పైగా పదికి పది గ్రేడు పాయింట్లు వచ్చినవి. 2022లో పరీక్షలు జరుగగా ఆ సంఖ్య 11,000 ప్రాంతమునకు దిగెను. ఒక్క యేటిలో పిల్లల బుద్ధి యంతగా మాఱునా? మాఱినది కొలత.

పూర్వము ఒక యూరి మానిక వేఱొక యూరి మానికకు సరిపోయెడిది కాదు. 1956లో తూనికలు కొలతల శాసనము చేసి దేశమంతటికి నొక్క కొలత నేర్పఱచిరి. బియ్యమునకు జరిగిన న్యాయము బిడ్డలకు జరుగవలదా? బోధనలో భేదముండవచ్చును. నా మిత్రుడు కుండను చూపి ఘనపరిమాణము చెప్పును. నేను సూత్రమునుండి చెప్పుదును. అది పిల్లల భాగ్యమే. కొలతలో భేదము మాత్రము అన్యాయము.

నాటినుండి మేమిద్దరము పరీక్షకు ముందే ఏ మెట్టున కెన్ని మార్కులో కూర్చుండి వ్రాసికొనుచున్నాము. పేర్లు కప్పి, కొన్ని పత్రములు మార్చుకొని దిద్దుచున్నాము. రెండు సాయంకాలములు అధికముగా పట్టును. అంతకు మించి నష్టము లేదు.

బాలిక తండ్రి యింటికి వెళ్లి నా తప్పు చెప్పితిని. ఆయన నవ్వి, "వేసిందీ మీరే, మార్చిందీ మీరే. రేపు మళ్లీ మార్చరని నమ్మకమేమిటి?" అనెను. "నమ్మకం లేదండీ. అందుకే ఆ అంకెను చూసి అమ్మాయి చదువు ఆపకండి" అంటిని. ఆయన బదులు పలుకలేదు. లోపలినుండి ఆ తల్లి వచ్చి, "కొడుక్కి 41 వస్తే మాన్పించేవారా?" అని యడిగెను. నేను దిద్దిన పత్రము లన్నిటికంటె నిజమైన ప్రశ్న యది. ఆ వేసవి తరువాత ఇద్దరును ప్రభుత్వ జూనియరు కాలేజీలో చేరిరి.

చదువరులారా, మీ బిడ్డ మార్కులు తెచ్చిననాడు అంకెను చూచి మురియుటకును, కోపించుటకును ముందు, పత్రమును తెప్పించి చూడుడు. కుమారునికొక మానిక, కుమార్తెకొక మానిక మీ యింటిలోనే యున్నదేమో, దానినిగూడ చూచుకొనుడు.