నొయ్యల్ దిగువన

బనియను తొడిగే ప్రతివాడూ తిరుప్పూరు పేరు ఏదో ఒకనాడు వినే ఉంటాడు. తమిళనాడులో కోయంబత్తూరుకు తూర్పున ఉన్న ఈ పట్టణం నుండి, భారతదేశం విదేశాలకు పంపే అల్లిక దుస్తులలో సగానికి పైగా వెళుతున్నవి. అయితే ఆ పట్టణం మధ్యగా పారే నది పేరు తెలిసినవారు తక్కువ. దాని పేరు నొయ్యల్. ఒక వ్యాపారం ధర్మబద్ధంగా సాగుతున్నదో లేదో తెలుసుకోవడానికి వ్యాపారి గోడకు వ్రేలాడే ప్రశంసాపత్రాలు చాలునా? ఆ నది గట్టు పట్టుకొని పైనుండి క్రిందికి నడచిన బాటసారికి ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

పశ్చిమ కనుమలలోని వెళ్ళియంగిరి కొండలలో పుట్టిన నొయ్యల్, పేరూరు ఆలయం ప్రక్కగా సాగి, కోయంబత్తూరును ఒరుసుకొని, తూర్పుముఖంగా 150 కిలోమీటర్లకు పైగా ప్రవహించి కావేరిలో కలుస్తుంది. ఇది నిండుగా పారే జీవనది కాదు. వానలను నమ్ముకొన్న ఏరు. అందుకనే పూర్వపు పాలకులు దీనిపై చిన్న ఆనకట్టలు కట్టించి, కాలువలు త్రవ్వించి, వరద నీటిని చెరువులకు మళ్ళించారు. ఒక చెరువు నిండగా పొరలిన నీరు మరొక చెరువుకు చేరేది. ఎగువ ఉన్నవాడు దిగువ ఉన్నవానిని తలచుకోక తప్పని ఏర్పాటు అది.

తిరుప్పూరు చేరేసరికి వీధి వీధినా అల్లిక యంత్రాల రొద వినవస్తుంది. 1932 జనవరిలో లాఠీ దెబ్బలకు నేలకొరుగుతూ కూడా జాతీయ పతాకాన్ని చేజారనీయని కుమరన్ అమరుడైన ఊరు ఇది. 'జెండాను కాపాడిన కుమరన్' అని తమిళులు ఆయనను నేటికీ స్మరిస్తారు. చాలాకాలం ఈ ఊరు స్వదేశీయులకు తెల్ల బనియన్లు కుట్టి పెట్టినది. 1970 దశకం చివర నుండి విదేశీ దుకాణాల వారు రంగురంగుల టీషర్టుల కోసం రాసాగారు. తెల్ల బనియనుకు చలువ చేస్తే చాలు. రంగు చొక్కాకు అద్దకం తప్పదు. నదికి కష్టకాలం అక్కడ మొదలయినది.

నూలుకు రంగు తనంతట తాను పట్టదు. అది దారంలోకి ఇంకి నిలవాలంటే తొట్టెలో ఉప్పు కలపాలి. ముదురు రంగు కావలసి వస్తే లీటరు నీటికి సుమారు 50 గ్రాములో, అంతకు మించియో పడుతుంది. రంగులో చాలా భాగం బట్టకు అంటుకొంటుంది. ఉప్పు మాత్రం ఒక్క పలుకైనా బట్టతో పోదు. అది అంతా కడిగిన నీటిలోనే మిగులుతుంది. చుట్టుప్రక్కల పల్లెల బావుల నుండి లారీలలో తెచ్చుకొన్న తీయని నీరు, ఉప్పు నీరై నొయ్యల్‌లో పడేది. తరువాత కొన్ని శుద్ధి కేంద్రాలు వెలసినవి. అవి నీటి రంగును తొలగించాయి కాని ఉప్పును తొలగించలేదు. కంటికి తేటగా కనబడిన నీరు పైరుకు విషమే అయినది.

పట్టణానికి దిగువన, ఒరత్తుపాళయం వద్ద, 1992లో సాగునీటి కోసం ఒక జలాశయం నిర్మించారు. కొద్ది సంవత్సరాలకే అది అద్దకపు మురుగునీటి మడుగుగా మారినది. చేపలు చచ్చి తేలినవి. చుట్టుప్రక్కల బావులు ఉప్పనైనవి, కొబ్బరితోటలు వాడిపోయినవి. ఆనకట్ట తమ పొలాలను తడుపుతుందని ఆశపడిన రైతు, ఆ నీరు తన పొలంలోకి రాకుండా ఉంటే చాలునని కోరుకొనే స్థితి ఏర్పడినది. దేశానికి విదేశీ మారకం ఆర్జించి పెడుతున్న చొక్కా ఖరీదులో ఈ నష్టాన్ని ఎవ్వరూ వేయలేదు. ఆ బాకీని మోసినవాడు దిగువ రైతు.

ఆయకట్టు రైతులు సంఘంగా ఏర్పడి న్యాయస్థానం మెట్లెక్కారు. కాలుష్యం చేసినవాడే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు అప్పటికే, 1996లో, తమిళనాడు తోళ్ళ పరిశ్రమ వ్యాజ్యంలో స్థిరపరచి ఉన్నది. 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, ఒక్క చుక్క మురుగునీరైనా బయటకు విడువరాదని గడువు విధించి, అంతవరకు లీటరుకు ఇన్ని పైసలని జరిమానా నిర్ణయించినది. 2009లో సుప్రీంకోర్టు ఆ మార్గాన్నే బలపరచినది. గడువులు గడిచిపోయినవి. చివరకు 2011 జనవరిలో హైకోర్టు ఉత్తరువుపై 700కు పైగా అద్దకపు కార్ఖానాలు మూతపడినవి.

ఆ ఉత్తరువు న్యాయమైనదే. కాని దాని బరువు అందరిపైనా సమంగా పడలేదు. పెద్ద కంపెనీలు బట్టను ఇతర ప్రాంతాలకు పంపి అద్దకం చేయించుకొన్నవి. చిన్న యజమానులు అప్పులలో మునిగారు. కూలి పోయిన కార్మికులు మూట కట్టుకొని సొంత ఊళ్ళ దారి పట్టారు. కొంత అద్దకం ఇతర జిల్లాలకు తరలిపోగా, అక్కడి వాగులకు ముప్పు వచ్చినది.

అయినను తిరుప్పూరు నేర్చుకొన్నది. నేడు అనేక కార్ఖానాలు కలిసి నడిపే శుద్ధి కేంద్రాలలో మురుగునీటిని సన్నని పొరల గుండా వత్తిడితో వడకడుతున్నారు. మిగిలిన చిక్కని ఉప్పునీటిని కాచి, ఉప్పును తిరిగి పట్టి, అదే ఉప్పును, అదే నీటిని మళ్ళీ అద్దకపు తొట్టెలకు పంపుతున్నారు. ఒకప్పుడు అసాధ్యమని వాదించిన పని దినచర్యగా మారినది. పాలక్కాడు కనుమ గుండా వీచే గాలిని పట్టే మరలను నెలకొల్పిన ఎగుమతిదారులూ ఉన్నారు.

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పడానికి వీలులేదు. నీటిని కాచడానికి ఇంధనం ఖర్చవుతున్నది. తిరిగి వాడలేని మిశ్రమ లవణాలు, మడ్డి ఎక్కడ దాచాలన్న చిక్కు తీరలేదు. చాటుమాటుగా మురుగు వదిలేవారు పట్టుబడుతూనే ఉన్నారు. రెండు నగరాల డ్రైనేజి నీరు నొయ్యల్‌లో పడుతూనే ఉన్నది. శుద్ధి చేసినందుకు తిరుప్పూరు వారికి చొక్కాకు కొన్ని రూపాయలు అదనంగా ఖర్చవుతుంది. సముద్రాల ఆవల ఉన్న దుకాణదారు పర్యావరణ ధృవపత్రం లేనిదే సరకు కొననని అంటాడు. ఆ పత్రానికైన ఖర్చును మాత్రం బేరంలో చేర్చుకోడు. ధర్మం ఆచరించిన వానికి నష్టమూ, ఆచరించని వానికి లాభమూ కలిగే బజారులో ఏ ప్రతిజ్ఞ ఎంతకాలం నిలుస్తుంది?

ఒరత్తుపాళయం దాపునే, నది ఉత్తరపు గట్టున, కొడుమణల్ అనే చిన్న గ్రామం ఉన్నది. రెండు వేల ఏళ్ళకు పూర్వం అక్కడి పనివారు రాళ్ళను సానబట్టి పూసలు చేశారు, ఇనుమును కరిగించారు. వారి సరకు పడమటి తీరపు రేవుల మీదుగా దూరదేశాలకు చేరినది. ప్రాచీన తమిళ కావ్యాలలో ఆ ఊరి పేరు వినిపిస్తుంది. విదేశీ వ్యాపారం నొయ్యల్ గట్టుకు క్రొత్త కాదు. ఆ పనివారు విడిచిపోయినవి కుండ పెంకులు, ఇనుప చిట్టెం, తెగిన పూసలు. వాటిని త్రవ్వి తీసే మట్టిలో నేటికీ పైరు పండుతుంది.

అక్కడి నుండి నది కరూరు జిల్లాలో ప్రవేశించి, తన పేరే పెట్టుకొన్న నొయ్యల్ గ్రామం వద్ద కావేరిలో కలుస్తుంది. ఆ దిగువ పల్లెలలో రైతుకు ఏ కంపెనీ సంవత్సరాంతపు నివేదికతోనూ పని లేదు. బావి నుండి చేదతో నీరు తోడి, పుక్కిట పట్టి చూస్తాడు. తిరుప్పూరు మాట నిలబెట్టుకొన్నదో లేదో అతనికి నాలుక చెబుతుంది.