డోంగర్‌గఢ్‌కు ఏ దారి?

నవరాత్రులు దగ్గరపడ్డాయంటే భిలాయ్ టీకొట్ల దగ్గర మాటలు కిలోమీటర్ల మీదికి మళ్లుతాయి. ఏడాదికి రెండుసార్లు, చైత్రంలో ఒకసారి, ఇక్కడివాళ్లు కువార్ అని పిలిచే ఆశ్వయుజంలో మరోసారి, ఈ ఉక్కు పట్టణం నుంచి వేలాది మంది డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారి కొండకు కాలినడకన బయలుదేరతారు. ఇంటి గుమ్మం ఎక్కడుందన్న దాన్నిబట్టి దూరం 75 నుంచి 80 కిలోమీటర్లు. వెళ్లాలా వద్దా అన్నదానిపై పెద్దగా వాదన ఉండదు, అది మొక్కు. వాదనంతా ఏ దారిన వెళ్లాలన్న దానిపైనే. ఆ వాదనలో ఉత్తరాంధ్ర యాస కూడా గట్టిగానే వినిపిస్తుంది.

అందుకు కారణం చరిత్రలో ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించేనాటికే నిర్మాణ పనుల కోసం తెలుగువాళ్లు ఇక్కడికి చేరుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పని కరువైనప్పుడు విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం వాళ్లకు దగ్గరి ద్వారమైంది. ఖుర్సీపార్ వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది. అయినా కాళ్లకు పని చెప్పాల్సి వస్తే మూడో తరం తెలుగు కుర్రాడు చూసేది డోంగర్‌గఢ్ వైపే. ఊళ్లో పైడితల్లికి దండం పెట్టుకున్న కుటుంబానికి ఇక్కడి కొండమీది అమ్మ పరాయిది కాదు. (పాదయాత్ర అనగానే సగటు తెలుగువాడికి గుర్తొచ్చేది 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడ ఓట్లతో పనిలేని పాదయాత్ర చేస్తున్నారు.)

మొదటి చిక్కు నెహ్రూనగర్ దగ్గరే ఎదురవుతుంది. పాత జీఈ రోడ్డు దుర్గ్ పట్టణంలోంచి వెళుతుంది. బైపాస్ ఊరిని తప్పించి, శివ్‌నాథ్ నది దాటాక అంజోరా దగ్గర మళ్లీ ప్రధాన రహదారిలో కలుస్తుంది. వాహనదారుడు కళ్లు మూసుకుని బైపాస్ పడతాడు. పాదచారికి అది మంచి దారి కాదు. లారీల వేగం ఎక్కువ, నిలబడేందుకు చోటు తక్కువ, రాత్రి కాలు బెణికితే పలకరించే నాథుడుండడు. దుర్గ్ ఊళ్లోంచి పోతే రద్దీ విసిగిస్తుంది కానీ ప్రతి వంద అడుగులకూ ఒక దుకాణం, ఒక దీపం, కూర్చోవడానికి ఒక అరుగు ఉంటాయి. అనుభవజ్ఞులు ఊరి దారినే ఎంచుకుంటారు.

అక్కడి నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే బాట. ఒకప్పటి 6వ నంబరు, ఇప్పటి 53వ నంబరు జాతీయ రహదారి. అంజోరా, టెడేసరా, సోమ్నీల మీదుగా సాగే ఈ దారి పొడవునా నవరాత్రుల్లో సేవా పందిళ్లు వెలుస్తాయి. టీ, పోహా, ఉపవాసం ఉన్నవాళ్లకు సాబుదానా ఖిచిడీ, బొబ్బలకు మందు, ఉప్పు వేసిన వేడినీళ్ల బకెట్లు. ముక్కూమొహం తెలియని మనిషి కింద కూర్చుని మీ పాదాలు ఒత్తుతానంటే మొదట సిగ్గేస్తుంది, యాభయ్యో కిలోమీటరు దగ్గర వెయ్యదు. రాజకీయ నాయకుల ఫ్లెక్సీలు ఉన్న పందిళ్లూ ఉంటాయి, వాటిలో టీకి రుచి తగ్గదు. ఈ పందిళ్లే హైవేకు ప్రధాన ఆకర్షణ. రాత్రంతా వెలుతురు, పాటలు, ముందూ వెనకా మనుషులు. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న బృందాలు మరో ఆలోచన లేకుండా హైవే పట్టడానికి కారణం అదే.

హైవేకు మరో వైపు కూడా ఉంది. నాగ్‌పూర్, ముంబయి వైపు సరుకు మోసే లారీలు పండగని ఆగవు. పోలీసులు భారీ వాహనాలను మళ్లించి, రోడ్డులో ఒక పక్కను పాదచారులకు వదిలిన సందర్భాలున్నాయి. అయినా రాత్రిపూట భక్తులను వాహనాలు ఢీకొన్న ప్రమాదాలు జరగకపోలేదు. చెప్పులు లేకుండా నడిచేవాళ్లది ఇంకో తంటా. మధ్యాహ్నం తారు కాలుతుంది, అంచున కంకర గుచ్చుకుంటుంది. రోడ్డు పక్కన గీసిన తెల్ల చార నున్నగా, కాస్త చల్లగా ఉంటుందని వాళ్లకు తెలుసు. అందుకే వట్టి పాదాలవాళ్లు ఆ గీత మీదే వరుసకట్టి నడుస్తారు. లారీకి దగ్గరగా ఉండేదీ ఆ గీతే. పాదాలకు సుఖం, ప్రాణానికి ముప్పు.

రాజ్‌నంద్‌గావ్ చేరేసరికి సగం దూరం దాటుతుంది, అసలు నిర్ణయం అక్కడ తీసుకోవాలి. కవి ముక్తిబోధ్ తన చివరి సంవత్సరాల్లో పాఠాలు చెప్పిన ఊరది. డోంగర్‌గఢ్ ఇంకా ముప్పయ్యైదు కిలోమీటర్ల పైమాటే. హైవే మీదే తుమ్డీబోడ్ దాకా వెళ్లి కుడికి తిరగొచ్చు. లేదంటే ఇక్కడే హైవే వదిలేసి, రైలు మార్గాన్ని అటూ ఇటూ తాకుతూ ముస్రా వైపు సాగే పల్లె బాటలు పట్టొచ్చు. మొదటిదాంట్లో జనం, పందిళ్లు. రెండోదాంట్లో పొలాలు, చెరువులు, నిశ్శబ్దం. కువార్‌లో వరి పొట్ట మీద ఉంటుంది, గట్ల మీంచి వచ్చే గాలికి అలసట తెలియదు. పగలైతే చెట్ల నీడ కూడా దొరుకుతుంది. కానీ పందిళ్లు తక్కువ, చీకటి ఎక్కువ, వానలు వెనకబడిన ఏడాది పాములు కూడా. దారి అడగాలంటే ఛత్తీస్‌గఢీ నాలుగు ముక్కలు రావాలి. భిలాయ్‌లో పుట్టిన తెలుగువాళ్లకు ఆ బెంగ లేదు, జై జోహార్ అంటే చాలు, పెరట్లోంచి మంచినీళ్ల చెంబు వస్తుంది.

ఖైరాగఢ్ మీదుగా చుట్టు తిరిగే దారి కూడా ఒకటుంది. 1956లో వెలసిన సంగీత విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అది. చూడదగ్గదే కానీ నడకకు దూరం బాగా పెరుగుతుంది. మోటారు సైకిలుంటే ఆలోచించాలి.

ఎవరూ పైకి చెప్పని దారి మరొకటుంది. రైలు పట్టాల వెంట. ముంబయి-హౌరా ప్రధాన మార్గం రాజ్‌నంద్‌గావ్ నుంచి బాకల్, ముస్రా, జట్కన్హార్ స్టేషన్ల మీదుగా డోంగర్‌గఢ్ చేరుతుంది. వంకర్లు లేవు, దారి తప్పే భయం లేదు. ఆ ఆకర్షణే ప్రమాదకరం. గూడ్సు బండ్లకూ ఎక్స్‌ప్రెస్‌లకూ తెరిపి లేని మార్గమిది. ఒక రైలు చప్పుడులో ఎదురుగా వచ్చే రెండోదాని చప్పుడు కలిసిపోతుంది. పట్టాల వెంట నడవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. దేశానికి పట్టాలు పోసిచ్చే ఊరివాళ్లకు వాటి సంగతి ఒకరు చెప్పాలా? పైగా 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపితే పదిహేను మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని నెలల ముందు, 1991 సెప్టెంబర్ 28న, వాళ్ల నాయకుడు శంకర్ గుహ నియోగి ఇదే పట్టణంలో హత్యకు గురయ్యాడు. ఆ తరం కార్మికులకు పట్టాలంటే జ్ఞాపకమొచ్చేది రైలొక్కటే కాదు.

దారి ఎంపిక తెలుగువాళ్లకు కొత్త కాదు. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. తక్కువ మెట్లున్నది నిటారు, ఎక్కువున్నది సుదీర్ఘం. అలిపిరి బాటలో 2023 ఆగస్టులో ఆరేళ్ల పాప చిరుతకు బలైన తర్వాత ఆ లెక్కలో అడవి కూడా చేరింది. సింహాచలం గిరిప్రదక్షిణకు మాత్రం ఈ బాధ లేదు, కొండ చుట్టూ 32 కిలోమీటర్ల ఒకే వలయం. అయితే తిరుమలలో ఏ మెట్ల దారి పట్టినా చూసుకునే సంస్థ ఒక్కటే. ఇక్కడ హైవే ఒకరిది, పల్లె రోడ్డు ఇంకొకరిది, పట్టాలు రైల్వేవి, పందిళ్లు దాతలవి. పాదచారి ఎవరి లెక్కలోకి వస్తాడన్నది అతను ఎంచుకున్న దారిని బట్టి మారుతుంది. జనం ఎక్కడ నడిస్తే ఏర్పాట్లు అక్కడికే వస్తాయి. ఏర్పాట్లు ఎక్కడుంటే జనం అక్కడే నడుస్తారు. పల్లె బాట ప్రతి ఏడాదీ చీకట్లోనే మిగిలిపోవడానికి కారణం ఇదేననిపిస్తుంది. ముస్రా వైపు నాలుగు దీపాలు, రెండు వైద్య శిబిరాలు పెడితే సగం మంది లారీల పక్క నుంచి తప్పుకుంటారు. దానికయ్యే ఖర్చు పెద్దది కాదు.

ప్రస్తుతానికి నా ఓటు ఇలా. చైత్రంలోనైతే రాత్రి హైవే, ఎందుకంటే పగటి ఎండకు నీళ్లందని బాటలో నడవడం మొండితనం. కువార్‌లో నలుగురు తోడుంటే రాజ్‌నంద్‌గావ్‌లో నిద్రపోయి, తెల్లవారుజామున పల్లె దారి. ఒంటరిగా అయితే ఏ కాలంలోనైనా జనంతోనే.

డోంగర్‌గఢ్‌లో చివరి ఎంపిక మిగిలే ఉంటుంది. సుమారు 1,600 అడుగుల ఎత్తున్న కొండకు వెయ్యికి పైగా మెట్లు, పక్కనే రోప్‌వే. 2025 ఏప్రిల్‌లో ట్రాలీ ప్రమాదంలో కొందరు గాయపడ్డాక మెట్ల వైపు మొగ్గినవాళ్లున్నారు. మోకాళ్లు ససేమిరా అన్నవాళ్లు కొండ కిందనే ఉన్న చిన్న బమ్లేశ్వరికి మొక్కి, వరుసగా వెలిగే జ్యోతి కలశాలు చూసి సరిపెట్టుకుంటారు. వాళ్లను ఎవరూ తక్కువగా చూడరు. తిరుగు ప్రయాణానికి మాత్రం చర్చ ఉండదు. నవరాత్రుల్లో చాలా ఎక్స్‌ప్రెస్‌లు డోంగర్‌గఢ్‌లో ప్రత్యేకంగా ఆగుతాయి. రెండు రాత్రులు నడిచిన దూరాన్ని రైలు రెండు గంటల లోపే వెనక్కి తెస్తుంది, నిలబడటానికి చోటు దొరికితే.