న్యూరెంబర్గ్: బొమ్మ క్రేనుల పుట్టినిల్లు

న్యూరెంబర్గ్ పేరు వినగానే చాలామందికి స్ఫురించేది 1945-46లో నాజీ నాయకులపై జరిగిన విచారణ. బొమ్మల వర్తకులకు మాత్రం ఆ పేరు మరొక అర్థాన్నిస్తుంది. దక్షిణ జర్మనీలో పెగ్నిట్జ్ నదికి ఇరువైపులా విస్తరించిన ఈ నగరంలో బొమ్మలు చేసేవారి ప్రస్తావన 1400 నాటికే లిఖితరూపంలో కనిపిస్తుంది. న్యూరెంబర్గ్ చిల్లర సామాను చేరని దేశం లేదని జర్మనుల నానుడి. 1950లో ఇక్కడ ఆరంభమైన ఆటవస్తువుల ప్రదర్శనకు నానా దేశాల వ్యాపారులు తరలివస్తారు. చిత్రమేమంటే, ఆ బొమ్మల సంతలోకి పిల్లలకు ప్రవేశం లేదు. అది వ్యాపారులకే పరిమితం.

పిల్లలకు దక్కని బొమ్మలు మరికొన్ని కూడా ఈ ప్రాంతంలోనే రూపు దిద్దుకున్నాయి. అవి భవన నిర్మాణానికి వాడే క్రేనుల నమూనాలు. 1968లో న్యూరెంబర్గ్‌లో మొదలైన ఎన్.జెడ్.జి. సంస్థ పేరులోనే జింకు పోతపని ఇమిడి ఉంది. చేరువలోని కాల్క్‌రాయిట్ గ్రామానికి చెందిన కాన్‌రాడ్ సంస్థ కూడా ఇదే విద్యలో కీర్తి గడించింది. క్రేనుల తయారీదారులు తమ ఖాతాదారులకు కానుకగా ఇచ్చేందుకు ఇటువంటి నమూనాలు చేయించేవారు. క్రమంగా అవి సేకర్తల అద్దాల బీరువాల్లోకి చేరాయి.

వీటికి సాధారణంగా పాటించే కొలత యాభైలో ఒక వంతు. ఈ లెక్కలో నిలువెత్తు మనిషి మూడున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతాడు. 2007లో వెలువడిన లీబెర్ వారి తొమ్మిది ఇరుసుల క్రేను 1,200 టన్నులు ఎత్తగలదు. ఒకదానిలో ఒకటి ఇమిడే దాని చేయి చాచితే 100 మీటర్లు. అంతగా కుదించినా ఆ చేయి రెండు మీటర్ల పొడవుంటుంది. దానిని పూర్తిగా సాచి నిలిపితే సామాన్యుని ఇంటి కప్పుకు కాస్త దిగువన ఆగుతుంది!

పెద్ద నమూనాలు విడి భాగాలుగా పెట్టెలో వస్తాయి. జాలీ అల్లికలాంటి చేతిముక్కలను సన్నని మేకులతోనో, మరలతోనో కలపాలి. వెనుక ఎదురు బరువులు పేర్చాలి. ఆ తరువాత అసలు పరీక్ష: దారం ఎక్కించడం. అసలు క్రేనులో ఉక్కుతాడు ఏ కప్పీ మీదుగా, ఏ వరుసలో వెళుతుందో ఇక్కడా దారం అలాగే వెళ్ళాలి. ఒక్క మెలిక తప్పినా మొదటికి రావలసిందే. 25 మిల్లీమీటర్ల ఉక్కుతాడు ఈ లెక్కలో అర మిల్లీమీటరు దారమవుతుంది. చిన్న కొక్కెం బరువుకు అది బిగుసుకోక వంకర్లు పోతుంది. అందుకే కొందరు దారానికి తేనెమైనం పట్టిస్తారు. పట్టకారుతో, భూతద్దంతో గంటల తరబడి సాగే ఈ పనిలో ఓర్పే పెట్టుబడి.

లోహంలోనూ ఒక రహస్యమున్నది. జింకులో సీసం కలిసిపోతే కొన్నేళ్ళకు పోతబొమ్మ లోలోపల పగిలి, ముట్టుకుంటే పొడి అవుతుంది. యుద్ధానికి పూర్వపు బొమ్మలు అనేకం ఇలాగే నశించాయి. మేలిమి జింకుతో చేసిన మిశ్రమలోహాలు వచ్చాకనే ఆ బెడద తగ్గింది.

ఈ నేలపై క్రేను పట్ల ఇంత మక్కువ ఎందుకు? 1945 జనవరి 2 రాత్రి బాంబుదాడిలో న్యూరెంబర్గ్ పాత నగరం సుమారు 90 శాతం నేలమట్టమైంది. ఆనాడు జర్మనీ అంతటా ఇదే దృశ్యం. ఊళ్ళను తిరిగి కట్టవలసిన ఆ రోజుల్లో, 1949లో, కిర్ష్‌డార్ఫ్ అనే చిన్న ఊరిలో హాన్స్ లీబెర్ అనే గృహనిర్మాత సులువుగా తరలించి, పనిచోటనే నిలబెట్టగల టవర్ క్రేనును రూపొందించాడు. ఒక మహా సంస్థకు అదే నాంది.

నేడు న్యూరెంబర్గ్ కోట మీద నిలబడిన యాత్రికుని కంటికి ఎర్రని ఏటవాలు కప్పులు, సెబాల్డ్ చర్చి జంట శిఖరాలు కనిపిస్తాయి. పాత వీధుల గీతలను చాలావరకు చెరపకుండానే వాటిని తిరిగి నిలిపారు. కాని వాటిని నిలిపిన యంత్రాల జాడ ఎక్కడా కానరాదు. ఇల్లు పూర్తికాగానే సెలవు తీసుకోవడమే క్రేను ధర్మం. పని తీరాక దాని గతి పాత ఇనుము కొట్టుకే. ఎక్కడో ఒక బల్లదీపం కింద ఎవరో ఓపికగా కప్పీకి దారం ఎక్కించినప్పుడు, ఆ మరచిపోయిన శ్రామికునికి అరచేతి ప్రమాణంలోనైనా ఒక స్మారకం లేచి నిలుస్తుంది.