తాత రైఫిలుకు గురి

కోవిల్‌పట్టి కరిసల్ (నల్లరేగడి) నేలలో స్థిరపడ్డ తెలుగువాళ్ల మధ్య తుపాకి మాట వస్తే అది పాలెగాడు కట్టబొమ్మన దగ్గరికి వెళ్లకుండా ఆగదు. 1799 అక్టోబరు 16న ఆయన్ని ఉరితీసిన కయత్తారు మాకు దక్షిణంగా, తిరునెల్వేలి దారిలోనే ఉంది. రెండేళ్లకు ఆయన తమ్ముడు ఊమైదురై పోరాటం కూడా అణిగింది. 1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ పేరిట ప్రకటన వచ్చి, ఈ సీమలో ఆయుధం పట్టే హక్కే పోయింది. తరువాతి తరాలకు తుపాకి అంటే ముందు లైసెన్సు పుస్తకం, ఆ తరువాతే ఇనుము.

మా అమ్మ తండ్రిది విరుదునగర్ జిల్లాలో పడమటి కొండల దిగువనున్న ఊరు. తెల్లటి రాజపాళయం కుక్కలతో అడవిపందుల్ని తరిమిన కాలం ఆయనది. ఆయన రైఫిలు .315, బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఏ. కంపెనీ చేసింది. పైకి వేట తుపాకి. బోల్టు లాగి చూస్తే రెండు ప్రపంచ యుద్ధాల్లో సిపాయిలు మోసిన లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రమే. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి చిక్కకూడదని తెల్లదొరలు కట్టడి చేశారు. అందుకని అదే యంత్రానికి ఆస్ట్రియా మాన్లిషర్ తూటా నుంచి పుట్టిన మరో తూటాకు సరిపోయే గొట్టం బిగించి, పొడుగాటి కొయ్యను కురచ చేసి అమ్మారు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా తరువాత ఈ రకాన్నే తయారుచేసింది.

రాత్రి వేట కోసం ఎవరో గొట్టానికి ఇనుప పట్టీ వేసి టార్చిలైటు బిగించారు. ఆ పట్టీకి అడ్డమని వెనుక గురి ఆకును పీకేశారు. ముందు గురి ఊడిపోతే దాని చోట ఇత్తడి మేకు తల అతికించారు. టార్చి వెలుగు పడినంత దూరంలో నిలబడ్డ పందికి అంతకన్నా అక్కర్లేదు కాబోలు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఆగింది. రైఫిలు అలాగే మిగిలింది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు ఠాణాలో అప్పగించి తెచ్చుకునే వస్తువుగా.

లైసెన్సు నా పేరుకు మారి, రైఫిలు విరుదునగర్ జిల్లా దాటి కోవిల్‌పట్టి చేరాక నేను మొదట కోరుకున్నది గురే. గుండు ఎటు పోతుందో చెప్పలేని తుపాకిని ఇంట్లో ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. మదురైలో లైసెన్సుతో తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని, గొట్టం లోపలి గాళ్లు చూసి, "లోపల బాగుంది నైనా. కళ్లే పోయినాయి," అన్నారు. మెరుగు పెట్టి కొత్తదానిలా చేయమంటారా అని అడిగితే వద్దన్నాను. టార్చి పట్టీ గీరిన మచ్చ తాత కాలపు గుర్తు. దాన్ని తుడిచేసే హక్కు నాకు లేదు.

మొదట వెనుక గురి పని. మరమ్మతుకు పనికిరాని మరో పాత బి.ఎస్.ఏ. నుంచి తీసిన ఆకు, గొట్టం మీద మిగిలి ఉన్న మర చిల్లులకు సరిగ్గా కూర్చుంది. అసలు పని ముందు గురిది. మేకు తల తీసేసి, గాడిలోకి కావాలనే ఎత్తు ఎక్కువగా ఉన్న ఉక్కు రెక్కను ఎక్కించారు. ముందు గురి ఎత్తుగా ఉంటే గుండు కింద తగులుతుంది. రెక్కను అరగదీసిన కొద్దీ పైకి వస్తుంది. ఎక్కువ అరిగిందా, మళ్లీ కొత్త రెక్కే! రెండు గురుల మధ్య దూరం సుమారు అరమీటరు. 50 మీటర్ల దూరం దానికి వంద రెట్లు. అంటే ఆకురాయి కింద ఒక మిల్లీమీటరు పోతే లక్ష్యం మీద పది సెంటీమీటర్లు మారుతుంది. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు ఆకురాయిని గట్టిగా పట్టడు.

గురి మారాలంటే తుపాకి మారనక్కర్లేదు, వాడకం మారితే చాలు. 1962 చైనా యుద్ధం తరువాత ఈషాపూర్ కర్మాగారం ఇదే యంత్రాన్ని 7.62 తూటాకు మలిచింది. ఆ రైఫిలు 2ఏ1 రకం దశకు వచ్చేసరికి 2,000 దాకా ఉన్న వెనుక గురి అంకెల్ని 800 మీటర్లకు కుదించింది. వెయ్యి గజాల అవతల ఒంటరి సిపాయి గురిచూసి కొట్టే యుద్ధం ఆనాటికే పోయింది. ఇంజనీర్లు ఆ నిజాన్ని ఒప్పుకుని గురి మీద చెక్కారు. నాకది చాలా గౌరవనీయమైన పనిగా తోస్తుంది.

రైఫిల్ క్లబ్బు రేంజిలో ఇసుక సంచుల మీద ఆనించి కాల్చాం. కాల్చే ముందు పెద్దాయన హారతి కర్పూరం వెలిగించి, ఆ పొగ మసిని రెక్కకు పట్టించారు. ఉక్కు మెరుపు కంటిని మోసం చేయకుండా! మొదటి గుండ్లు పదిహేను సెంటీమీటర్లు కింద, కాస్త ఎడమకు తగిలాయి. లెక్కకు మిల్లీమీటరున్నర తీయాలి. ఆయన ఒక్క మిల్లీమీటరే తీసి, "మిగతాది కాల్చి అడుగుదాం" అన్నారు. ఎడమ తేడాకు ఇత్తడి కడ్డీ ఆనించి రెక్కను ఎడమకే చిన్నగా తట్టారు. ముందు గురి ఎటు జరిగితే గుండు దానికి ఎదురు దిక్కుకు పోతుంది. కాల్చడం, రెండు రాపిళ్లు, మళ్లీ కాల్చడం. సాయంత్రానికి గుండ్లన్నీ నా అరచేతిలో పట్టేంత చోట, నల్ల చుక్క మీదికి వచ్చాయి.

వాడిన తూటా రకం, దూరం, రెక్క చివరి ఎత్తు ఒక కాగితం మీద రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టాను. రేపు దీన్ని తీసుకునేది నా కూతురైనా మరెవరైనా, ఆకురాయి ముట్టుకునే ముందు ఆ కాగితం చదవాలి.