కొలువు ఒక్కటే ఇస్తే సరిపోదు

నిజాం కాలమంతా సామరస్యమేనని ఒకరు, అంతా అణచివేతేనని ఇంకొకరు వాదించుకుంటూనే ఉంటారు. ఆ వాదన పక్కన పెట్టి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన చిన్న సమూహాల సంగతి చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు హైదరాబాద్‌లోని బార్కాస్‌లో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో, దివాన్ చందూలాల్ కాలంలో వచ్చిన సిక్కు సైనికులు కిషన్‌బాగ్ దగ్గర బరంబాలాలో స్థిరపడ్డారు. 1948లో సంస్థానం పోయింది, దాని సైన్యమూ పోయింది. అరబ్బుల్లో కొందరిని వెనక్కి పంపేశారు కూడా. అయినా ఆ వాడలు నిలిచాయి. నా లెక్కలో కారణం ఒకటే: కొలువుతో పాటు కాపురానికి చోటు, ప్రార్థనకు చోటు దొరికాయి. సైన్యంతో పని లేని పార్సీలకు కూడా సికింద్రాబాద్‌లో 1847 నాటికే అగ్ని ఆలయం ఉంది.

అదంతా ప్రభువు దయ, హక్కు కాదు కదా అంటారు. నిజమే. దొరల కింద వెట్టి చేసినవాళ్లకు ఆ దయా అందలేదు. ఇప్పుడు రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛ హక్కు ఇచ్చింది, చోటు మాత్రం ఇవ్వలేదు. బాచుపల్లి టవర్లు కడుతున్న ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లలో ఆదివాసులూ, క్రైస్తవులూ, ముస్లింలూ ఉన్నారు. మతాన్ని నాలుగు గోడల మధ్య ఉంచుకోమనడం తేలికే. గోడలే లేనివాళ్ల మాటేమిటి? చావును ఏ గోడల మధ్య ఉంచుకుంటారు? దేవుడి పేరుతో కబ్జాలు జరుగుతాయన్న భయం కూడా న్యాయమైనదే. అందుకే ఆ చోటేదో ప్లాన్‌లోనే గీయాలి. ఈసారి మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరాలు అడిగినప్పుడు పార్కుతో పాటు శ్మశానం, ఖబరస్తాన్ కూడా అడగండి.