సందు చివరి ఇల్లు

మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కితే, ఊరి బియ్యం మిల్లులు వెనుకబడిన కొద్దిసేపటికే రెండు ప్రక్కలా వరిమళ్ళు మొదలవుతాయి. ఈ పచ్చదనం నాగార్జునసాగర్ ఎడమ కాలువ పెట్టిన భిక్ష. 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత ఈ ప్రాంతపు బ్రతుకే మారిపోయింది. ఆ దారిలోనే నేరేడుచర్ల ఉంది. పేరులో నేరేడు చెట్టూ చెరువూ రెండూ వినిపించే ఈ ఊరు 2018లో పురపాలక సంఘమైంది.

మొన్న జుమా నమాజు తరువాత అక్కడి ఒక మొహల్లా పెద్దలతో కూర్చోవడానికి మేము వెళ్ళాము. విషయం ఒక సందులోని మురుగు కాలువ. చిన్న విషయమే. కాని దానిలో మా తప్పు కూడా ఉన్నది కనుక పాఠకులతో చెప్పుకోవడం మంచిదనిపించింది.

మూడేళ్ళ క్రితం అదే మస్జిదు వరండాలో మేము పరిశుభ్రతను గురించి ప్రసంగించాము. విన్నవారు కదిలారు, చందాలు వచ్చాయి. పనికి అయిదుగురు పెద్దలను మేమే పేరు పెట్టి నిలబెట్టాము. వారు నిజాయితీపరులు, అందులో సందేహం లేదు. అయితే కాలువ తవ్వకం వారి ఇళ్ళున్న ఎగువ నుండి మొదలైంది, డబ్బు సగంలో అయిపోయింది. ఎగువ ఇళ్ళ నీరంతా ఇప్పుడు మునుపటికన్నా వేగంగా వచ్చి, దిగువనున్న ఆరిళ్ళ గుమ్మాల ముందు నిలుస్తోంది. ఖర్చు లెక్క ఎవరూ అడగలేదు, ఎవరూ చూపలేదు. దొంగతనమేమీ జరగకపోయినా అనుమానం మాత్రం మిగిలింది. అన్నిటికన్నా సిగ్గుపడవలసినది ఏమిటంటే, కాలువ పూర్తికాకముందే పేర్లు చెక్కిన శిలాఫలకం మాత్రం పూర్తయింది.

చివరి ఇంటి ముందు ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ నడిచాము. పరదా వెనుక నుండి ఆ ఇంటి పెద్దావిడ సలాము చెప్పి, "మౌల్వీ సాబ్, అప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే, వాననీళ్ళు వెనుక వీధి వైపు పోతాయని చెప్పేవాళ్ళం కదా" అన్నారు. నలభై ఏళ్ళుగా ఆ వాకిలి ఊడ్చిన మనిషి ఆమె. మష్వరా గొప్పతనాన్ని పిల్లలకు ఏళ్ళ తరబడి బోధించిన మేము, ఆ సందులో ఒక్క స్త్రీని సంప్రదించలేదు!

కాలువ క్రింద సేద్యం చేసేవారికి ఇది తెలియని సంగతి కాదు. ఎగువ రైతు తూము వద్ద నీరు ఎప్పుడూ ఉంటుంది. పంపకం సరిగా ఉన్నదో లేదో చివరి మడి చెబుతుంది. 1997లో చట్టం చేసి సాగునీటి నిర్వహణను రైతుల సంఘాలకు అప్పగించినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. చివరి మడి వారికి ఆ సంఘంలో మాట ఉన్నచోటే దానికి అర్థం ఉంటుంది. వరంగల్ వైపు గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లిలోనూ మంచినీరు మొదలుకొని ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ వేసుకొని, ఇంటింటినీ అందులో భాగస్వామిని చేశారు. ఆ ఊరికి 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం దక్కింది.

మురుగు కాలువల విషయంలో మాత్రం మాకు అక్తర్ హమీద్ ఖాన్ గుర్తుకు వస్తారు. ఆగ్రాలో పుట్టి, ఐ.సి.ఎస్. కొలువును వదులుకున్న ఆయన 1980లో కరాచీలోని ఓరంగీ అనే పేదల బస్తీలో పని ప్రారంభించారు. ఊరంతటినీ ఒకేసారి కదిలించాలని చూడలేదు. ఇరవై, నలభై ఇళ్ళ సందును ఒక ప్రమాణంగా తీసుకున్నారు. సందువారే తమ ప్రతినిధిని ఎన్నుకోవాలి, చందా అతడే పోగుచేయాలి. సంస్థ ఆ డబ్బును ముట్టదు. కొలతలు, నమూనా, పనిముట్లు, సలహా మాత్రం ఇస్తుంది. ఇంటి మరుగుదొడ్డి, సందులోని కాలువ ప్రజల బాధ్యత. వాటి నీటిని అందుకునే పెద్ద కాలువ, శుద్ధి ప్రభుత్వ బాధ్యత. ఈ గీత స్పష్టంగా గీయడం వల్ల ప్రజలు చేయగలిగినది చేశారు, ప్రభుత్వాన్ని అడగవలసినది అడిగారు. మన మొహల్లాల్లో మాత్రం మొత్తం మనమే చేస్తామని బయలుదేరడమో, మొత్తం మునిసిపాలిటీయే చేయాలని కూర్చోవడమో, రెండే కనిపిస్తాయి.

అడగడానికి మనకు చోటు లేకపోలేదు. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువకులు, స్త్రీలు, వయోవృద్ధులు, పట్టణ ప్రముఖులు. ఒక్కొక్కదానిలో పదిహేను మంది. నేరేడుచర్లలో పదిహేను వార్డులు. అంటే ఈ చిన్న పట్టణంలో 900 మందికి కూర్చునే చోటు చట్టమే ఇచ్చింది. మీ వార్డు స్త్రీల కమిటీలో ఎవరున్నారని వరండాలో అడిగాము. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఫలకం మాట మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరి పేరు ముందుండాలి అని. అప్పుడు పిల్లలకు చెప్పే వృత్తాంతమే పెద్దలకూ చెప్పాము. కాబా పునర్నిర్మాణంలో నల్లరాతిని ఎవరు నిలపాలన్న తగవు కత్తుల దాకా వచ్చినప్పుడు, అప్పటికి ఇంకా ప్రవక్త పదవి లభించని ముహమ్మద్ (సల్లం) ఒక వస్త్రం పరచి రాతిని దానిపై ఉంచి, తెగల పెద్దలందరి చేతా అంచులు పట్టించారు. కొంతసేపు నిశ్శబ్దం. ఫలకం ఊడదీయాలని ఎగువ ఇంటి పెద్దమనిషే అన్నారు. అల్హమ్దులిల్లాహ్.

ఆ సాయంత్రం కొత్త చిట్టా వ్రాశారు. మొదటి పేరు చివరి ఇంటిది. ఆరిళ్ళలో ఇద్దరు వితంతువుల నుండి డబ్బు తీసుకోరాదని కొందరన్నారు. వారు మాత్రం నెలకు ఇంతని తామూ ఇస్తామని కబురు పంపారు. మేము వారి మాటే నిలబెట్టమన్నాము. చందా, ఖర్చు ప్రతి జుమాకు మస్జిదు నల్లబల్లపై వ్రాయాలని నిర్ణయమైంది. వెనుక వీధిలో పెద్ద కాలువ కోసం అర్జీపై స్త్రీల సంతకాలూ ఉండాలన్నాము. ఒకరిద్దరు ముఖం చిట్లించుకున్నారు. చిట్లించుకోనీ.

అస్ర్ తరువాత తాపీ మేస్త్రీ వచ్చాడు. పొడుగాటి సన్నని గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస మస్జిదు గోడ వద్ద కుర్రవాడి చేత పట్టించి, రెండవ కొసతో తాను సందు చివరి దాకా నడిచాడు. గోడ మీద సుద్దతో గీత గీశాడు. అక్కడి నుండి వెనుక వీధికి మరొక గీత. నేల వాలు పెద్దావిడ చెప్పిన వైపే ఉంది.