ముగ్గురు దేవదాసులు

నూజివీడు రసముల పరిమళము గది నిండ వ్యాపించిన ఈ మధ్యాహ్నమున పాత సీడీలలోని పాటలను కంప్యూటరున కెక్కించుచుంటిని. 1953లో సుబ్బరామన్, 1974లో రమేష్ నాయుడు, 2006లో చక్రి స్వరపరచిన మూడు చిత్రములకును ‘దేవదాసు’ అన్నదే నామధేయము. కావున మూడింటి పాటలును ఒకే ఫోల్డరున చేరును; అందును పాటల పేర్లు దొరకనిచో, కొన్ని సాఫ్ట్‌వేరులు ప్రతి సీడీలోని మొదటి పాటకును ‘ట్రాక్ 01’ అని నామకరణము చేసి, ఆ పేరుతో పూర్వమే యున్న ఫైలును, మాటమాత్రమైనను అడుగక, తుడిచివేయును. (ఇంతటి చొరవ చుట్టములకు సైతము ఉండదు!) పేరు కలిసినపుడు లోపలి ధ్వనిని పోల్చి, ఒక్కటియే యైనచో విడిచి, వేరైనచో సంవత్సరమునో అంకెనో చేర్చి రెండింటిని నిలుపుటయే న్యాయము. సాఫ్ట్‌వేరు వ్రాయు మిత్రులారా, మమ్మడుగక దేనిని తుడిచివేయకుడు.